సైకిల్‌ను రైలెక్కించాలంటే: కాజీపేట, వరంగల్ వాళ్ల కోసం

మొన్న ఆదివారం పొద్దున భద్రకాళి చెరువు దగ్గర చాయ్ తాగుతుంటే, పక్కన గేర్ సైకిల్ ఆపుకున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, జమ్మికుంట దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి హుజూరాబాద్ మీదుగా తొక్కుకుంటూ వెనక్కి రావాలనుంది. రైల్లో సైకిల్ ఎక్కనిస్తరా?" ఎక్కనిస్తారు తమ్ముడూ, కానీ నువ్వనుకున్నట్టు నడిపించుకుంటూ పోయి డోర్ దగ్గర ఆనించి నిలబడతానంటే కుదరదు అన్నాను. ఎట్లా మరి అన్నాడు. చెప్పడం మొదలుపెడితే చాయ్ చల్లారింది, మాట మాత్రం సగం దాకా కూడా రాలేదు. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను, మళ్లీ మళ్లీ చెప్పే పని తప్పుతుంది.

ముందు అసలు కిటుకు. టైంటేబుల్‌లో మనం మామూలుగా బండి ఎన్నింటికి వస్తుందో చూస్తాం. చేతిలో సైకిల్ ఉన్నప్పుడు చూడాల్సింది బండి ఎన్ని నిమిషాలు ఆగుతుందో. మిగతా కష్టాలన్నీ అక్కడి నుంచే పుడతాయి. బండి బయల్దేరే స్టేషన్‌లో ఎక్కితే పెట్టె అరగంట ముందే ప్లాట్‌ఫాం మీద ఉంటుంది, హమాలీ కూడా నిమ్మళంగా ఎక్కిస్తాడు. మధ్యలో రెండు నిమిషాలు ఆగే చోట ఎక్కిస్తానంటే పార్శిల్ ఆఫీసులో ఉన్నాయన ముఖం ముందే మారిపోతుంది, ఆయన తప్పు కూడా లేదు. అందుకే సికింద్రాబాద్ నుంచి కాగజ్‌నగర్ దిక్కు పోయే భాగ్యనగర్ లాంటి బండికి సికింద్రాబాద్‌లో ఎక్కించి కాగజ్‌నగర్‌లో దించుకోవడం తేలిక, అదే బండికి మధ్యలో ఏ చిన్న స్టేషన్‌లోనో దించుకోవడం కష్టం. వీలైతే ప్రయాణం రెండు కొసల్లో కనీసం ఒకటైనా బండి మొదలయ్యేదో, ఆగిపోయేదో అయ్యేలా చూసుకోండి. కాజీపేట మూడు దిక్కులకు లైన్లు చీలే జంక్షన్, ఇక్కడి నుంచి మొదలయ్యే బండ్లు కూడా కొన్ని ఉన్నాయి, ఆ లెక్కన మన అదృష్టం మంచిదే.

సైకిల్ తీసుకెళ్లడానికి ఉన్న దారులు మూడు. బ్రేక్ వ్యాన్‌లో లగేజీగా బుక్ చేయడం, విప్పి సంచిలో పెట్టుకుని మనతోనే తీసుకెళ్లడం, అసలు తీసుకెళ్లకపోవడం. మూడోది నవ్వులాటకు చెప్పట్లేదు, దాని గురించి చివర్లో చెప్తాను.

బ్రేక్ వ్యాన్‌లో వేయడం

ఎక్స్‌ప్రెస్ బండికి కొసల్లో ఉండే పెట్టెను ఎప్పుడైనా గమనించారా? సగం జనరల్ సీట్లు, సగం పెద్ద తలుపులున్న సామాను గది, ఒక మూల గార్డు కూర్చునే చోటు. రైల్వే వాళ్లు దాన్ని ఎస్‌ఎల్‌ఆర్ అంటారు. (గార్డును ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అనాలి, 2022లో పేరు మార్చారు, కానీ మన నోటికి ఇంకా గార్డే.) సైకిల్ పోవాల్సింది ఆ సామాను గదిలోనే. కొత్త రకం ఎర్ర పెట్టెల బండ్లలో కొస పెట్టె రూపం వేరుగా ఉండొచ్చు, సామాను గది మాత్రం ఉంటుంది. మెమూల్లో (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు లోకల్ బండ్లు) ఆ పెట్టె ఉండదు, వందేభారత్‌లోనూ ఉండదు. కాబట్టి టికెట్ కొనే ముందే ఆ సంగతి తేల్చుకోండి, కొన్నాక పార్శిల్ ఆఫీసుకు పోతే "ఈ బండికి కాదు" అనే మాట వినాల్సి వస్తుంది.

బుకింగ్‌లో రెండు రకాలు ఉంటాయి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. మీ చేతిలో టికెట్ ఉండి, అదే బండిలో మీతోపాటు సైకిల్ రావాలంటే అది లగేజీ. మీరు వెళ్లకుండా సైకిల్ ఒక్కటే పోవాలంటే అది పార్శిల్. పార్శిల్‌గా వేస్తే ఏ బండిలో జాగా దొరికితే ఆ బండిలో పంపుతారు, రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు. కౌంటర్‌లో "సైకిల్ పంపాలి" అని మాత్రం అనకండి. "సార్, నా టికెట్ మీద లగేజీ బుక్ చేయాలి, సైకిల్, ఇదే బండికి" అని టికెట్ ముందు పెట్టి అడగండి. ఆ ఒక్క మాట తేడాతో నాకు ఒకసారి రెండు రోజులు పోయాయి.

డబ్బుల సంగతి. సెకండ్ క్లాస్‌లో మనకు 35 కిలోలు, స్లీపర్‌లో 40 కిలోల సామాను ఉచితం అని అందరికీ తెలుసు. కానీ సైకిల్, స్కూటర్ లాంటి వాటికి ఆ ఉచితం వర్తించదు. వేరే బ్యాగు లేకపోయినా సైకిల్‌కు ఛార్జీ కట్టాల్సిందే. ఛార్జీ బరువునూ దూరాన్నీ బట్టి ఉంటుంది, దూరం ఎంత తక్కువైనా 50 కిలోమీటర్లకు లెక్క కడతారు, మొత్తం ఎంత తక్కువైనా 30 రూపాయలకు తగ్గదు. అంటే కాజీపేట నుంచి వరంగల్‌కు సైకిల్ బుక్ చేసేవాడు ఎవడైనా ఉంటే పది కిలోమీటర్లకు యాభై కిలోమీటర్ల డబ్బులు కడతాడు, అంతలో తొక్కుకుంటూ ముప్పావుగంటలో పోవచ్చు. ప్యాకింగ్, హమాలీ ఖర్చు వేరే, చాలాసార్లు అసలు ఛార్జీ కంటే అదే ఎక్కువవుతుంది. హమాలీతో ముందే రేటు మాట్లాడుకోండి, ఎక్కించాక మాట్లాడితే ఆయన చెప్పిందే రేటు.

రూల్ ప్రకారం బండి టైంకు కనీసం అరగంట ముందు లగేజీ బుక్ చేయాలి. నా లెక్క గంటన్నర. ఎందుకంటే ఆఫీసులో తూకం వేయాలి, ఫారం నింపాలి, ఆయన చాయ్‌కి పోయి రావాలి, మీరు ఆధార్ జిరాక్స్ మర్చిపోయి బయటికి ఉరకాలి. ఇవన్నీ అయ్యాక సైకిల్‌ను ప్లాట్‌ఫాం మీద ఎస్‌ఎల్‌ఆర్ ఆగే కొస దాకా నడిపించాలి. ఏ కొసకు ఎక్కిస్తున్నారో తప్పకుండా అడగండి. ముందు పెట్టెనా, వెనక పెట్టెనా? మీ టికెట్ జనరల్ అయితే అదే కొసన ఉన్న జనరల్ పెట్టెలో కూర్చోండి.

దీని విలువ నాకు ఎట్లా తెలిసిందంటే, ఒకసారి ఒక బండిలో నా సైకిల్ వెనక కొసన, నేను ఇంజిన్ దగ్గర పెట్టెలో. దిగాల్సిన స్టేషన్‌లో బండి రెండు నిమిషాలు ఆగింది. నేను ప్లాట్‌ఫాం మీద జనాన్ని తోసుకుంటూ ఇరవై పెట్టెల పొడవునా ఉరికాను, సగం దూరంలో ఉండగానే గార్డు పచ్చజెండా ఊపాడు. నా సైకిల్ నా కళ్ల ముందు నుంచే సాగిపోయింది, తలుపు సందులోంచి ముందు చక్రం కూడా కనబడింది. మర్నాడు సాయంత్రం తిరుగు బండిలో అది వెనక్కి వచ్చింది, ఆ రోజు సెలవు పోయింది, హ్యాండిల్ మీది బెల్లు కూడా పోయింది. తప్పు ఎవరిదని గొడవ పడదామనుకున్నాను గానీ, లగేజీ రసీదు చేతిలో పట్టుకుని బ్రేక్ వ్యాన్ దగ్గర నిలబడాల్సింది నేనే అని అర్థమైంది. చిన్న స్టేషన్‌లో దించుకోవాలంటే ఎక్కించేటప్పుడే గార్డుకు ఒక మాట చెప్పండి, సైకిల్‌ను తలుపు దగ్గరే పెట్టమని హమాలీని బతిమాలండి.

ప్యాకింగ్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. బ్రేక్ వ్యాన్‌లో మీ సైకిల్ పక్కన మోటార్‌సైకిల్ ఉండొచ్చు, చేపల పెట్టెలు ఉండొచ్చు, పైన బట్టల మూట పడొచ్చు. పెద్ద స్టేషన్ల పార్శిల్ ఆఫీసు బయట గోనెసంచి చుట్టి కుట్టేవాళ్లు దొరుకుతారు. మామూలు సైకిల్‌కు అది చాలు. గేర్ సైకిల్ అయితే సైకిల్ షాపులో అడిగి కొత్త సైకిల్ వచ్చిన అట్టపెట్టె తెచ్చుకోండి, ఊరికే పారేసేదే కాబట్టి ఇస్తారు. అట్ట మీద పెద్ద అక్షరాలతో ఎక్కడి నుంచి ఎక్కడికి, బండి నంబర్, మీ పేరు, ఫోన్ నంబర్ రాయండి. మార్కర్‌తో రాసింది వానకు చెరిగిపోతుంది, పైన పారదర్శకంగా ఉండే టేప్ వేయండి. పంపు, బాటిల్, లైటు, సీటు కింద చిన్న సంచి, ఊడొచ్చేది ఏదైనా ఇంట్లోనే తీసి మీ బ్యాగులో పెట్టుకోండి. నా బెల్లు కథ చెప్పాను కదా. టైర్లలో గాలి తీయాల్సిన పని లేదు, అది విమానం వాళ్ల గోల.

ఇంకో సంగతి, సైకిల్ ఖరీదైనదైతే దీన్ని దాటేయకండి. లగేజీ పోయినా పాడైనా, మనం విలువ ముందే రాసివ్వకపోతే రైల్వే బాధ్యత కిలోకు 100 రూపాయలు, పార్శిల్‌కైతే కిలోకు 50. మీ సైకిల్ 14 కిలోలైతే లగేజీగా 1,400 రూపాయలు. నలభై వేలు పెట్టి కొన్నదైనా అంతే. కాబట్టి ఫారంలో విలువ చూపించి, దానికి అదనంగా అడిగే శాతం ఛార్జీ కట్టండి. కట్టాలనిపించకపోతే ఇంట్లో ఉన్న పాత సైకిల్ తీసుకెళ్లండి.

విప్పి సంచిలో పెట్టుకోవడం

ఆదివారం సరదాగా పోయి వచ్చేవాళ్లకు ఇదే మేలు. రూల్ మాత్రం ముందే తెలుసుకోండి. పెట్టెలోకి తీసుకెళ్లే సామాను 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు. 26 అంగుళాల చక్రం ఒక్కటే 66 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే అక్షరం పట్టుకుని కూర్చుంటే పెద్ద చక్రాల సైకిల్ ఎంత విప్పినా ఈ కొలతలో ఒదగదు. టీటీ గారు బుక్ చేయాల్సిందే అంటే వాదించకుండా కట్టేయండి. బుక్ చేయకుండా దొరికితే ఛార్జీకి ఆరింతల దాకా వేయొచ్చు. అయితే శుభ్రంగా సంచిలో కట్టి, ఎవరి కాళ్లకూ అడ్డం లేకుండా పెట్టిన మూటను ఇప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. అదే చైను నూనె కారుతూ, పెడల్ బయటికి పొడుచుకొచ్చి ఉంటే పక్కనున్న అత్తమ్మే ముందు అడుగుతుంది, టీటీ దాకా పోదు.

మడత సైకిల్ ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ. 20 అంగుళాల చక్రం అంటే 51 సెంటీమీటర్లే. వెడల్పులో కొంచెం దాటినా సూట్‌కేసు లాగే కనిపిస్తుంది. నెలకు రెండు మూడుసార్లు రైల్లో పోయేవాళ్లు దానికే డబ్బులు పెట్టడం నయం.

విప్పడం ఇంటి దగ్గర రెండుసార్లు ప్రాక్టీసు చేయండి, స్టేషన్‌లో మొదటిసారి చేయకండి. ముందు పెడల్స్. 15 నంబర్ పానా కావాలి. కుడి పెడల్ మామూలుగానే విప్పుకుంటుంది, ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలం పెట్టి మరింత బిగించేసి, చివరికి మెకానిక్ దగ్గరికి పోయి పైపు తగిలించి విప్పించుకున్నవాళ్లు నాకు తెలిసే ఇద్దరున్నారు, అందులో ఒకరిని నేను రోజూ అద్దంలో చూస్తాను.

తర్వాత హ్యాండిల్. పాతకాలం హీరో, అట్లాస్ లాంటి సైకిళ్లకు హ్యాండిల్ నడిమిట్ల పైనుంచి ఒక బోల్టు ఉంటుంది, దాన్ని పూర్తిగా విప్పొద్దు. మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దాని తల మీద కర్రముక్క పెట్టి సుత్తితో ఒక్కటి తట్టండి, లోపల బిగుసుకున్న ముక్క జారి హ్యాండిల్ తిరుగుతుంది. కొత్త గేర్ సైకిళ్లకైతే పక్కనున్న రెండు బోల్టులు వదులు చేస్తే చాలు, పైమూత జోలికి పోవద్దు, అది కదిలిస్తే బేరింగ్ బిగింపు మళ్లీ సరిచేసుకోవాలి. హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు సమంగా తిప్పి పాత లుంగీ ముక్కతో కట్టేయండి. చక్రాలు రెండూ తీశాక ముందు ఫోర్క్ కాళ్ల మధ్య ఒక చెక్కముక్క ఇరికించండి, లేకపోతే ఎవరైనా మూట మీద కూర్చుంటే అవి లోపలికి వంగుతాయి. గేర్ మార్చే వెనక భాగం ఫ్రేమ్ పైకి వచ్చేలా పెట్టి గుడ్డ చుట్టండి. చైనుకు పాత న్యూస్‌పేపర్ చుట్టినా సరిపోతుంది.

సంచి బజారులో కొనాల్సిన పని లేదు. టార్పాలిన్ గుడ్డ తెచ్చి, బ్యాగులు కుట్టే దర్జీకి కొలత ఇస్తే కుట్టిపెడతాడు. నడుముకు ఒక పెద్ద పట్టీ, రెండు చేతిపిడులు పెట్టించుకోండి. ప్లాట్‌ఫాం మారేటప్పుడు ఆ పట్టీయే దేవుడు. వరంగల్ స్టేషన్ 2025 మేలో కొత్త రూపంలో ప్రారంభమయ్యాక అక్కడ పని కొంచెం తేలికైంది, కానీ దిగే చిన్న స్టేషన్‌లో లిఫ్టు ఉంటుందని అనుకోకండి, పన్నెండు కిలోల మూట భుజాన వేసుకుని వంతెన ఎక్కాల్సి రావొచ్చు.

పెట్టెలో ఎక్కడ పెట్టాలి? సీటు కింద ఫ్రేమ్‌ను పడుకోబెట్టి, చక్రాలను వేరే మూటగా పైన లగేజీ జాగాలో. మెమూలో అయితే చివరి సీటు వెనక మూలన, ఒక పురికొస తాడుతో చువ్వకు కట్టండి. డోర్ దగ్గర మాత్రం వద్దు, కాజీపేటలో గుంపు ఒక్కసారి ఎక్కిందంటే మీ మూటే వాళ్లకు మెట్టు. పొద్దున సికింద్రాబాద్ దిక్కు ఉద్యోగాలకు పోయే బండ్లలో ఈ ప్రయత్నం చేయకండి, ఆ 132 కిలోమీటర్లు రోజూ నిలబడి పోయేవాళ్ల మధ్య సైకిల్ పెడితే తిట్లు మీకే. ఆదివారం తెల్లవారుజాము బండ్లు, మధ్యాహ్నం బండ్లు హాయి. దసరా ముందు రోజులు, మేడారం జాతర రోజుల్లో అయితే ఈ ఆలోచనే పెట్టుకోవద్దు, మనిషి దూరడమే గగనం.

రోజూ పోయేవాళ్లకు

జనగామ నుంచి కాజీపేటకు, పెద్దపల్లి నుంచి రామగుండానికి సీజన్ టికెట్ మీద రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు నన్ను అడిగితే, సైకిల్‌ను రైలెక్కించకండి అంటాను. రెండు సైకిళ్లు పెట్టుకోండి. ఇంటి దిక్కు స్టేషన్ స్టాండ్‌లో ఒకటి, ఆఫీసు దిక్కు స్టాండ్‌లో ఒక సెకండ్ హ్యాండ్‌ది. స్టాండ్ వాళ్లతో నెలకు మాట్లాడుకుంటే తక్కువలో పోతుంది. రెండోది ఎంత పాతగా కనిపిస్తే అంత మంచిది, కావాలంటే మడ్‌గార్డుకు కొంచెం మట్టి కూడా పూయండి. గొలుసు తాళం వెనక చక్రంతోపాటు ఫ్రేమ్‌లోంచి పోయేలా వేయండి.

అడగాల్సింది ఎవరిని

ఇప్పటిదాకా చెప్పిందంతా ఉన్నదాంట్లో సర్దుకోవడం. అసలు సైకిల్‌ను నడిపించుకుంటూ ఎక్కే రోజు రావాలంటే అడగాలి. ఇది ఎక్కడా లేని కోరికేం కాదు. కొచ్చి మెట్రోలో 2020 నుంచి సైకిల్‌ను ఉచితంగా తీసుకెళ్లనిస్తున్నారు. కోపెన్‌హాగెన్ లోకల్ రైళ్లలో 2010లోనే సైకిల్‌కు టికెట్ ఎత్తేశారు.

అడిగేటప్పుడు "సైకిళ్లకు సౌకర్యాలు కల్పించాలి" అని రాస్తే ఆ కాగితం ఫైల్లో నిద్రపోతుంది. చిన్నగా, ఒప్పుకోవడానికి వీలుగా అడగండి. కాజీపేట–బల్లార్షా దిక్కు తిరిగే మెమూలో, రద్దీ లేని వేళ, చివరి పెట్టెలో ఒక మూల నాలుగు సైకిళ్లకు కొక్కేలు. మెట్ల వంతెన పక్కన సైకిల్ చక్రం దొర్లేటంత సన్నటి ఇనుప గాడి, దానికి ఖర్చు కూడా పెద్దగా కాదు. ప్రతి స్టేషన్‌లో ఏ బండికి సైకిల్ లగేజీ తీసుకుంటారో గోడ మీద ఒక బోర్డు. నా మటుకు ఆ మూడింట్లో బోర్డే ముందు రావాలి, సగం టెన్షన్ దాంతోనే పోతుంది. కాజీపేటలో 2023 జులైలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది కదా, ఎప్పటికైనా ప్యాసింజర్ పెట్టెలు ఇక్కడే తయారైతే, ఆ కొక్కేల సంగతి డ్రాయింగు దశలోనే అడగొచ్చు అని నాకో ఆశ.

కాగితం ఎవరికివ్వాలంటే, స్టేషన్ మేనేజర్ ద్వారా సికింద్రాబాద్ డీఆర్‌ఎంకు, అంటే రైల్వే డివిజన్ పెద్దాఫీసరుకు. ఒక కాపీ మన ఎంపీకి. డివిజన్‌లో ప్రయాణికుల సలహా కమిటీ ఒకటి ఉంటుంది, డీఆర్‌యూసీసీ అంటారు, అందులో మన జిల్లా నుంచి ఎవరైనా సభ్యులుంటే కనుక్కుని వాళ్లతో మీటింగ్ అజెండాలో పెట్టించండి. అంతకంటే ముందు పది రూపాయల ఫీజుతో ఒక ఆర్‌టీఐ వేయండి: పోయిన ఏడాది మీ స్టేషన్‌లో ఎన్ని సైకిళ్లు లగేజీగా బుక్ అయ్యాయి, ఎన్నింటిని ఏ కారణంతో వెనక్కి పంపారు. అంకె చేతిలో ఉంటే మాట బరువు వేరే ఉంటుంది. ప్రయాణంలో ఇబ్బంది వస్తే 139కు ఫోన్ చేయండి, లేదా రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్‌మదద్‌లో పెట్టండి, ఫిర్యాదు నంబర్ రాసిపెట్టుకోండి. కాగితం ఇచ్చినప్పుడు మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి. వాళ్లు "అట్ల పెట్టిపోండి" అంటారు, నవ్వుతూ అక్కడే నిలబడండి.

ఇక జమ్మికుంట తమ్ముడి సంగతి. అతనికి సంచి దారే సరిపోతుంది. నా టార్పాలిన్ సంచి వచ్చే ఆదివారం దాకా ఖాళీగానే ఉంది, వచ్చి తీసుకెళ్లమన్నాను. 15 నంబర్ పానా మాత్రం తనే కొనుక్కోవాలి, నా పానా తీసుకున్నవాళ్లలో ఇప్పటిదాకా తిరిగిచ్చినవాళ్లు ఎవరూ లేరు.